చేపలకూ ఒక ఋతువున్నది

మృగశిర కార్తె ప్రవేశించిన దినమున హైదరాబాదులోని చేపల అంగళ్ళు కిటకిటలాడుతాయి. ఆనాడు చేప తినడం ఆరోగ్యమని మన పెద్దల విశ్వాసం. మనం చేపకూర కోసం ఎదురుచూసే ఆ తొలకరియే చేపలు జతకట్టే ఋతువని మాత్రం మనలో చాలమందికి తట్టదు.

ఋతువు వచ్చినదని చేపకు ఎట్లా తెలుస్తుంది? పగటి నిడివి, నీటి వేడిమి, కొత్తనీటి ప్రవాహం మొదలగు గుర్తులు దాని మెదడుకు చేరుతాయి. హైపోథలామస్ అనే భాగం ఒక హార్మోనుతో పీయూష గ్రంథిని మేల్కొలుపుతుంది. ఆ గ్రంథి రక్తంలోకి విడిచే హార్మోనుల వలన ఆడచేపలో గ్రుడ్లు, మగచేపలో వీర్యం పక్వమవుతాయి. బొచ్చె, రోహు వంటి చేపలలో డోపమైన్ అనే మెదడు రసాయనం దీనికి కళ్ళెం వంటిది. తగిన పరిస్థితులు కలిగేవరకు ఆ కళ్ళెం సడలదు. బంగారు చేపలపై జరిగిన పరిశోధనలు మరొక వింతను తెలిపాయి. ఆడచేపలో పుట్టే ప్రోస్టాగ్లాండిన్ దాని మెదడుపై పనిచేసి గ్రుడ్లు విడిచేందుకు పురికొల్పుతుంది. అదే పదార్థం నీటిలో కలిసి మగచేపను ఆకర్షిస్తుంది. అనగా వాటి కలయికలో నీరే దూత.

ఈ రహస్యాన్ని మన దేశపు శాస్త్రజ్ఞులు ప్రజోపయోగానికి మళ్ళించారు. బొచ్చె, రోహు నిలువనీటిలో పెరుగుతాయి గాని గ్రుడ్లు విడువవు. అందుచేత పూర్వం చేపపిల్లలను నదులలో ఏరి తేవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగూల్‌లో హీరాలాల్ చౌధురి, కె. హెచ్. అలికున్హి గారలు పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించారు. తరువాతి కాలంలో హైపోథలామస్ హార్మోనును పోలిన మందుకు డోపమైన్‌ను అడ్డుకునే మందును జోడించారు. నేడు కైకలూరు ప్రాంతపు హేచరీలు ఈ విద్యపైననే నడుస్తున్నాయి. జాతీయ మత్స్యాభివృద్ధి సంస్థ 2006లో మన నగరంలోనే ఏర్పడినది.

అయితే దీనినుండి కొందరు ఒక తప్పు నిర్ణయానికి వస్తున్నారు. సూదిమందు వుండగా, హేచరీ పిల్లలు వుండగా, చెరువు ఎట్లా వుంటేనేమి అన్నది వారి వాదం. దీనితో మేము ఏకీభవించలేము. సూదిమందు హేచరీ తొట్టిలోని చేపకే గాని చెరువులోని చేపకు అందదు. తెలంగాణ రాష్ట్ర మత్స్యమైన కొర్రమీను సంగతి చూడండి. అది గట్టువార లోతు తక్కువ నీటిలో, నాచు, తుంగల నడుమ గ్రుడ్లు పెట్టి, పిల్లలు ఎదిగేవరకు కాపలా కాస్తుంది. గట్టు సిమెంటు గోడయైతే అది ఎక్కడ కాపురం పెట్టగలదు?

హైటెక్ సిటీ ప్రక్కనున్న దుర్గం చెరువునే తీసుకొందాం. కుతుబ్ షాహీల కాలంలో అది గోలకొండకు మంచినీరిచ్చిన చెరువు. నేడు దాని చుట్టూ మేడలు లేచాయి. 2020లో తీగల వంతెన వెలసి రాత్రులు రంగుదీపాలతో వెలుగుతున్నది. మురుగునీరు చేరుతున్నందున శుద్ధి కేంద్రాలు కట్టవలసి వచ్చినది. బెర్లిన్ శాస్త్రజ్ఞులు పెర్చ్ అనే చేపను పరీక్షించి, రాత్రివేళ స్వల్పమైన వెలుతురు సైతం దాని సంతాన హార్మోనుల వ్యవస్థను అణచగలదని చూపారు. కెనడాలో 2001 నుండి 2003 వరకు ఒక సరస్సులో గర్భనిరోధక మాత్రలలోని హార్మోనును అత్యల్పంగా కలిపి చూడగా, మగచేపలలో ఆడ లక్షణాలు పొడసూపి, ఒక చిన్నచేపల జాతి దాదాపు అంతరించినది. ఇట్టి పదార్థాలు ఇండ్ల మురుగులో వుంటాయి. సాధారణ శుద్ధి కేంద్రాలు వాటిని పూర్తిగా తొలగించలేవు.

మేము అభివృద్ధికి విరోధులము కాము. మా విద్యార్థులలో ఎందరో రేపు ఆ మేడలలోనే ఉద్యోగాలు చేయవలసినవారు. కాని వానాకాలపు మూడు మాసాలైనా నీటిపై పడే దీపాలను తగ్గించడం, ఒక ప్రక్క గట్టును తుంగలతో విడిచిపెట్టడం, వాననీటి కాలువలలో మురుగు కలువకుండా చూడడం అసాధ్యాలా? చెరువులను నమ్ముకొన్న గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాల జీవనం కూడా దీనితో ముడిపడి వున్నది.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఏటా తొలకరినాడు జంతుశాస్త్ర విద్యార్థులను ఒక చెరువుకు పంపి, ఏ చేపలు గట్టుకు వచ్చాయో, ఎక్కడ పిల్లలు కనిపించాయో, నీరెట్లా వున్నదో వ్రాయించండి. ఆ వివరాలను ఈ సంచికలోనే ఉర్దూ, తెలుగు భాషలలో ప్రకటించండి. పది సంవత్సరాలు గడిస్తే, చెరువును గురించి అధికారులతో మాట్లాడవలసి వచ్చినప్పుడు మన చేతిలో ఊహలు గాక స్వయంగా చూచి వ్రాసిన లెక్కలు వుంటాయి.