అశ్వానికి ఆతిథ్యం

మన సంస్థలో పనిచేసేవారికి అశ్వశక్తి గురించి వేరుగా చెప్పనక్కరలేదు. ఒక అశ్వశక్తి 746 వాట్లకు సమానమని అప్రెంటిసు కుర్రవాడు సైతం చెప్పగలడు. ఆరువేల అశ్వశక్తికి మించిన విద్యుత్ ఇంజన్లు మన ఖరగ్‌పూర్ మీదుగా నిత్యం రాకపోకలు సాగిస్తున్నాయి. 1873లో కలకత్తా వీధులలో తొలి ట్రామును లాగినవి గుర్రాలే. విద్యుత్తుతో నడిచే ట్రాము 1902లో గాని రాలేదు. మన రవాణా వ్యవస్థకు ఇంతటి సేవ చేసి, ఇంజను కొలతకు తన పేరునిచ్చిన ఆ ప్రాణి ఏమి తిని బ్రతుకుతుందో, ఏమి తింటే ప్రాణం మీదికి వస్తుందో అడిగితే మాత్రం మనలో చాలమంది తటపటాయిస్తాము. ఈ మాసం ఆ విషయమే ముచ్చటించదలచాము.

ఇందుకు కారణం లేకపోలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో దేశం నలుమూలల వారూ మనకు ఇరుగుపొరుగు. ఉత్తరాది వారి ఇంట వివాహమైతే వరుడు గుర్రంపై ఊరేగి వస్తాడు. ఊరేగింపు ముగిసి గుర్రాన్ని పందిరి ప్రక్కన కట్టివేసిన తరువాత పిల్లలు దాని చుట్టూ చేరుతారు. వంటల వద్ద మిగిలిన తొక్కలు, ఆకులు, దుంపల ముక్కలు తెచ్చి ప్రేమతో నోటికి అందిస్తారు. పెద్దలు కూడ వారించరు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన మన కుటుంబాలలో పశువుకు కుడితి పోయడం, కాయగూరల తొక్కలు పెట్టడం పుణ్యకార్యం. అయితే ఆవుకు సరిపడినది గుర్రానికి కూడ సరిపడుతుందని భావించడంలోనే ప్రమాదం ఉన్నది.

ఆవు ఉదరం నాలుగు గదులుగా ఉంటుంది. తిన్నదానిని తీరికగా నెమరువేస్తుంది. గుర్రానికి నెమరు లేదు. అంతటి దేహానికి దాని జీర్ణాశయం 8 నుంచి 15 లీటర్లు మాత్రమే పట్టే చిన్న సంచి. గడ్డిలోని పీచు పులిసి జీర్ణమయ్యేది పెద్ద ప్రేగులలో. అక్కడ వాయువు అధికమైతే భరింపరాని శూల పుడుతుంది. అన్నిటికంటె ముఖ్యమైన విషయం, గుర్రం వాంతి చేసుకోలేదు. మనిషి గాని, కుక్క గాని తినరానిది తింటే కక్కి బయటపడవచ్చు. గుర్రానికి ఆ మార్గం మూసుకుపోయి ఉన్నది. నోట పెట్టినది వెనుకకు రాదు. కాబట్టి ముందే తెలుసుకొని పెట్టడం అవసరం.

నిర్భయంగా పెట్టదగినవాటిలో మొదటిది క్యారెట్. బీట్‌రూట్, కీరదోస, గుమ్మడి ముక్కలు, టర్నిప్, పుచ్చకాయ తొక్క కూడ మంచివే. బీట్‌రూట్ తిన్న గుర్రం మూత్రం ఎర్రబారవచ్చు, అందుకు గాభరాపడనక్కరలేదు. వీటినైనా శుభ్రంగా కడిగి, పిడికెడుకు మించకుండా పెట్టాలి. అవి వేడుకకు పెట్టే చిరుతిండియే గాని ఆహారం కాదు. గుర్రానికి అసలు ఆహారం గడ్డి. క్యారెట్‌ను చక్రాలుగా తరిగితే గొంతులో అడ్డుపడే అవకాశం ఉన్నది. వ్రేలి వలె నిలువుగా, పొడవుగా కోయడం క్షేమం.

పెట్టరానివి మన వంటింటిలో నిత్యం ఉండేవే. బంగాళాదుంప, ముఖ్యంగా పచ్చబారినది, మొలక వచ్చినది, విషతుల్యం. టమాటా, వంగ, మిరప మొక్కల ఆకులు, కాడలు కూడ ఆ కుటుంబానికి చెందినవే. ఉల్లి, వెల్లుల్లి అధికమైతే గుర్రం రక్తంలోని ఎర్రకణాలు నశించి పాండురోగం కలుగుతుంది. ఇక్కడివారు కోపి అని పిలిచే క్యాబేజీ, కాలీఫ్లవర్ విషాలు కావు గాని, ప్రేగులలో వాయువును పెంచుతాయి. ఇవి శీతకాలంలో గోల్‌బజార్‌లో గుట్టలుగా పోసి ఉంటాయి. మాఘ, ఫాల్గుణ ముహూర్తాలలో ప్రతి పెండ్లి వంటలోను ఉంటాయి. వాటి ఆకులు, కాడలు కుప్పగా పడివున్న చోటనే గుర్రాన్ని కట్టివేయడం సాధారణంగా జరుగుతున్నది. మిగిలిన పూరీలు, అన్నం, బూజు పట్టిన రొట్టె కూడ పెట్టరాదు.

ఉలవల మాట ఏమిటని మన పెద్దలు అడుగవచ్చు. తెలుగునాట ఉలవ గుగ్గిళ్ళు గుర్రానికి దాణాగా ప్రసిద్ధమే. కాని అలవాటు లేని గుర్రానికి ఏ దాణానైనా ఒక్కసారిగా పెట్టడం తగదు. వారం పది దినాలలో క్రమంగా అలవాటు చేయాలి. ఆ పని యజమానిది, అతిథులది కాదు.

క్వార్టర్ల ఆవరణలలో మరి రెండు అపాయాలు పొంచి ఉంటాయి. అందానికి పెంచే గన్నేరు ఆకులు కొద్దిపాటి తిన్నా గుర్రం గుండె ఆగిపోవచ్చు; ఎండిన ఆకులలోను ఆ విషం పోదు. పెరటి ఆముదపు గింజలు కూడ ప్రాణాంతకాలు. పచ్చిక కత్తిరించిన తుక్కును పోగుచేసి పెట్టడం కూడ మానాలి. అది త్వరగా వేడెక్కి పులుస్తుంది.

గుర్రం మాటిమాటికి తన ప్రక్కలవైపు చూచుకొంటున్నా, కాలితో నేలను త్రవ్వుతున్నా, పొర్లుతున్నా, చెమటలు పట్టినా, లద్దె వేయడం మానినా అది శూలకు సూచన. మేతతో కలిసిన చొంగ ముక్కుల నుంచి కారితే గొంతులో అడ్డుపడినదని గ్రహించాలి. అటువంటప్పుడు మేత, నీరు రెండూ ఆపి పశువైద్యుని వెంటనే పిలిపించాలి. గృహవైద్యానికి ఇది సమయం కాదు.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. పెండ్లిండ్లకు గుర్రాన్ని తోలుకొచ్చే మనిషి సంసారం ఆ దాణా ఖర్చు పోగా మిగిలిన దానితోనే గడవాలి. ముహూర్తాల దినాలలో అతని గుర్రం చనిపోతే ఆ ఇంటికి ఆ సంవత్సరపు సంపాదన పోయినట్లే. మనకు నెల జీతం ఉన్నది. అతనికి గుర్రమే జీతం. మన పిల్లల ముచ్చట అతని ఇంటి దీపాన్ని ఆర్పరాదు.

కాబట్టి పెండ్లివారు వంటల తుక్కుకు దూరంగా, నీడ పట్టున గుర్రాన్ని కట్టించి, ఒక బాల్చీ మంచి నీరు ఉంచితే చాలు. పిల్లలు ఏమైనా పెట్టదలచితే యజమానిని ముందుగా అడుగనివ్వండి. అతడు సరేనంటే, అరచేతిని చదునుగా చాచి, బొటనవ్రేలిని చేతికి ఆనించి, ఒక్క క్యారెట్ ముక్క అందించడం నేర్పండి. గృహిణులు ఈ పుటను కత్తిరించి వంటగది తలుపు లోపల అంటించుకొంటే వచ్చే ముహూర్తాలకు ఉపకరిస్తుందని మా విశ్వాసం.