స్కూటరుకు కావలి యెవరు?

"వాహనముల భద్రతకు యజమానులే బాధ్యులు" - విశ్వవిద్యాలయ ప్రాంగణములలో స్కూటర్ల షెడ్డులముందు తరచు కానవచ్చు బల్ల యిది. రుసుము గైకొనుచోటను ఇదే బల్ల!

1872 నాటి కాంట్రాక్టు చట్టము 151వ సెక్షను ననుసరించి, పరుల సొత్తును తనయొద్ద నుంచుకొన్నవాడు, వివేకవంతుడు తన సొత్తును కాచుకొనునట్లు దానిని కాపాడవలెను. చీటీపై "యజమానిదే బాధ్యత" యని అచ్చొత్తించినంత మాత్రమున, తమ యజాగ్రత్తవలని నష్టమునకు హోటలువారు జవాబుదారీని తప్పించుకొనజాలరని 2019లో తాజ్‌మహల్ హోటలు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అది తాళపుచెవితో అప్పగించిన కారు. స్కూటరు తాళపుచెవి విద్యార్థి జేబులోనే యుండునుగదా యని అధికారులు వాదింపవచ్చును. చీటీ తిరిగి యీయనిదే బండిని గేటు దాటనీయనివారు, ఆ బండి తమ స్వాధీనమున లేదనుట మాకు వింతగా నున్నది.

పైగా, గొలుసు వేసికొనుడని విద్యార్థులకు హితబోధ! మంచిదే. హ్యాండిలు తాళమొక్కటి చాలదు. ముగ్గురు పూనినచో 100 కిలోల బండిని ట్రాలీ కెత్తుట యెంతసేపు? చక్రమునకు మాత్రమే చుట్టిన గొలుసు బండిని దొర్లనీయదు గాని, ఎత్తుకొనిపోవుట నాపదు. దానిని నేలలో పాతిన ఇనుపగుంజకు బిగింపవలెను. ఆ గుంజ యేది? మేము చూచిన షెడ్డులలో పైన రేకులే గాని క్రింద గుంజలు లేవు.

రుసుము గైకొందురేని గుంజలు పాతింపుడు, కావలివాని నుంచుడు, బల్ల దింపుడు. అది చేతగానిచో రుసుము మానుడు.