లోహం ఎప్పుడు కరుగుతుంది?

ధర్మవరం చీర జరీ మీద మెరిసే బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలని పుస్తకాలు చెబుతాయి. ఆ అంకె నిజానికి బంగారానిది కాదు, కోటానుకోట్ల పరమాణువుల గుంపుది. 1976లో శాస్త్రవేత్తలు బుఫా, బొరెల్ కొలిచి చూస్తే రెండు మూడు నానోమీటర్ల బంగారు రేణువులు వందల డిగ్రీల ముందే కరిగాయి. ఇరవై ముఖాల ఆకారంలో పేర్చిన 55 పరమాణువుల్లో 42 పైపొరలోనే ఉంటాయి. వాటిని పట్టి ఉంచే పొరుగు పరమాణువులు తక్కువ, అందుకే త్వరగా సడలుతాయి. అలాగని చిన్నదల్లా త్వరగా కరుగుతుందని సూత్రం కట్టేయలేం. గాలియం ముద్ద 30 డిగ్రీలలోపే కరుగుతుంది. హిందూపురం, పెనుకొండ ఎండలో బల్ల మీద ఉంచితే చాలు. 39 పరమాణువుల గాలియం గుంపు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ వేడిలోనూ ఘనంగానే నిలిచిందని 2003లో జారొల్డ్ బృందం చూపింది.

ఇంత కొద్ది పరమాణువులకు ‘కరగడం’ అన్న మాట వర్తిస్తుందా అని అడిగేవారున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే 139 సోడియం పరమాణువుల గుంపు సున్నాకు 6 డిగ్రీల దిగువన, కరిగే ముద్దలాగే, ఒక్కసారిగా ఎక్కువ వేడిని పీల్చుకోవడం హాబర్లాండ్ బృందం కొలిచిన విషయం. సోడియం ముద్దకు 98 డిగ్రీలు కావాలి. గీత గీసినట్టు మారదన్నది మాత్రం ఒప్పుకోవాలి: కరగడానికి ముందు గుంపు ఒక అమరిక నుంచి మరో అమరికకు దూకుతూ ఉంటుంది. ఈ సంచిక వ్యాసాలు ఆ ఊగిసలాట గురించే.