గూడు బండి విప్పే చోటు

కారవాన్ అనగానే తెలుగువాడికి ముందు గుర్తొచ్చేది షూటింగు స్పాట్. హీరోగారు షాటు షాటుకీ వెళ్లి కూర్చునే ఏసీ బండి. ముందు తరాల్లో అలాంటి ఇంటిని ఎద్దులు లాగేవి. కోటప్పకొండ తిరునాళ్లకు గూడు బండి కట్టుకుని, వంటసామాను, గడ్డిమోపు వేసుకుని బయల్దేరిన కుటుంబానికి దారిలో సత్రం ఉండేది, నూతి నీళ్లుండేవి, ఎడ్లను విప్పడానికి చింతచెట్టు నీడ ఉండేది. ఆ బండికి దొరికినపాటి చోటు ఈనాటి ఇంజను బండికి దొరకదు.

ఈమధ్య ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కారవాన్ మీద మనసు మళ్లింది. 2024-29 పర్యాటక విధానం వెనకే కారవాన్లకూ ఒక విధానం తెచ్చింది. కేరళ ఈ పని 2021లోనే మొదలుపెట్టి, అర ఎకరంలో కనీసం అయిదు బండ్లు నిలిపే పార్కులకు దారి చూపింది. బాగానే ఉంది. కానీ ఇవన్నీ యాత్రకు వచ్చి రెండు రాత్రులుండి పోయేవాళ్ల లెక్కలు. ఏడాదిలో ఒకటి రెండు నెలలు తిరిగే బండి తక్కిన పది నెలలూ ఎక్కడుండాలి? విజయవాడ అపార్ట్‌మెంటు కింద కారు పట్టడమే గొప్ప, పైన ఏసీ పెట్టె ఉన్న బండి ఆ కప్పు కింద దూరదు. విజయవాడ, గుంటూరు, అమరావతి మధ్య నేలను గజాల్లో కొలుస్తున్నారు. అక్కడ బండి నిలపడానికి చవక జాగా వెతకడం వృథా.

కాబట్టి చూపు తెనాలి వైపు తిరగాలి. రైల్లో విజయవాడకు ముప్పై కిలోమీటర్ల చిల్లర. బండి ఇక్కడ వదిలి నగరానికి రైలెక్కిపోవచ్చు. రేపల్లెకైతే 1916 నుంచీ తెనాలి మీదుగా రైలుంది, లైను ఆ ఊళ్లోనే ఆగిపోతుంది. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా పోయే 216వ నంబరు జాతీయ రహదారి పెనుమూడి దగ్గర కృష్ణ దాటి రేపల్లె, బాపట్ల మీదుగానే సాగుతుంది.

అయితే నిజంగా బండిలో కాపురం చేసేది పర్యాటకుడు కాదు, లారీ డ్రైవరు. క్యాబిన్‌లోనే పడక, పక్కనే స్టవ్వు, అద్దానికి తుండుగుడ్డ. వరికోతల వేళ పంజాబు నుంచి కూడా కోత మిషన్లు ఈ కృష్ణా డెల్టాకు దిగుతాయి. వాటితో వచ్చే కుర్రాళ్లు వారాల తరబడి రోడ్డు మార్జిన్‌లోనో, పెట్రోలు బంకు వెనకో ఉంటారు, కాలవలో స్నానం చేస్తారు. వాళ్లను ఎవరూ కారవాన్ యాత్రికులనరు. 2024 ఫిబ్రవరి 2న ఢిల్లీ మొబిలిటీ ప్రదర్శనలో ప్రధాని మోదీ జాతీయ రహదారుల వెంట డ్రైవర్లకు వెయ్యి విశ్రాంతి భవనాలు కడతామన్నారు. అందులో ఒక్కటైనా ఈ తీరపు రోడ్డుకు రావాలని అడిగే గొంతు ఇక్కడి నుంచి లేవాలి.

చోటంటే ఖాళీ స్థలం చూపిస్తే సరిపోదు. ఈ డెల్టాది నల్లరేగడి నేల. గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టకపోతే మొదటి వానకే చక్రం సగం దిగుతుంది. సూర్యలంక బీచ్ బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లు. అక్కడ రెండు రాత్రులు నిద్ర చేయడం హాయే గాని, ఆర్నెల్లు నిలిపితే ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. మరుసటేడు సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వదిలినప్పుడు రేపల్లె వైపు కరకట్ట పల్లెలు నిద్రపోలేదు. ఆ రోజుల్లోనే విజయవాడలో బుడమేరు నీళ్లలో ఎన్ని బండ్లు మునిగాయో మెకానిక్కులనడిగితే చెబుతారు. అందుకే ఎక్కువ కాలం నిలిపే యార్డు తెనాలి చుట్టుపక్కల మెరకలో ఉండాలి. బాపట్లలో రాత్రి బస, రేపల్లెలో లారీలకూ ఆక్వా బండ్లకూ ఆగే చోటు చాలు.

స్థలం లేదనే మాట ఎలాగూ వస్తుంది. మార్కెట్ యార్డులున్నాయి. దుగ్గిరాల పసుపు యార్డు సంగతి డెల్టాలో అందరికీ తెలుసు. సరుకు రాక పలచబడే నెలల్లో అలాంటి యార్డుల్లో ఒక మూల అద్దెకిస్తే కమిటీకీ నాలుగు రాళ్లు వస్తాయి.

చోటు చూపకుండా తోలేస్తే ఏమవుతుందో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో కనిపించింది. గూగుల్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరది, మనవాళ్లూ బాగానే ఉన్నారు. ఇంటద్దె కట్టలేనివాళ్లు వీధుల పక్కన మోటారు హోముల్లో కాపురం పెట్టారు. 2020 నవంబరులో అక్కడి ఓటర్లు ఇరుకు వీధుల్లో పెద్ద బండ్లు నిలపరాదని తీర్పిచ్చారు. అలాగని బండ్లు మాయం కాలేదు, వాటికి వేరే చోట్లు చూపాల్సిన బరువు ఊరి మీదే పడింది. ఇక్కడ బైపాసు మీద లారీకి చలానా రాసే ముందు, ఆ బండి ఎక్కడ ఆగాలో కూడా చెప్పగలగాలి.

తెనాలి, బాపట్ల, రేపల్లె మున్సిపాలిటీలు తలా ఒక ఎకరం మెరక నేల చూపితే పని మొదలవుతుంది. గ్రావెల్, బోరు, మరుగుదొడ్లు, బండిలోని మురుగు దింపే గొయ్యి, ఒక దీపస్తంభం, రాత్రి కాపలా. నెల అద్దె ఎంతో గేటు దగ్గర బోర్డు మీద రాసిపెట్టాలి, కారవానుకూ లారీకీ ఒకే రేటు.