సంపాదకుని మాట: కడలి యిచ్చిన అప్పు

మృగశిర కార్తె ప్రవేశించి, రైతు చూపు నైరృతి దిక్కును వీడని ఈ వేళ, వానను గూర్చిన సంచికను మీ ముందుంచుచున్నాము.

సూర్యతాపమున సముద్రజలము ఆవిరియై పైకెగసి, పోనుపోను చల్లబడి, కంటికానని ధూళికణములను, ఉప్పురేణువులను ఆశ్రయించి సూక్ష్మబిందువులై, అవి యొకదానితో నొకటి కలిసి గాలి మోయజాలనంత బరువెక్కినపుడు వర్షమగుచున్నది. అయినను మేఘమునకు సమదృష్టి లేదు: అరేబియా సముద్రమునుండి వచ్చు గాలి పడమటి కనుమల నెక్కుచునే తన తేమను చాలవరకు వర్షించి, ఆవలికి దిగి వేడెక్కుటచేత, అనంతపురమునకు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే దక్కుచున్నది.

కడలినుండి అప్పుగా వచ్చిన నీరు నేలలో నింకి, చెరువున నిలిచి, ఏరై మరల కడలి చేరులోపల మనము దానికి ధర్మకర్తలము మాత్రమే యను భావమే ఈ రచనల నన్నిటిని కూర్చిన సూత్రము.