సార్క్ బల్ల మీద మన ముచ్చట ఏది?

లోయర్ ట్యాంక్ బండ్ అంబేద్కర్ భవన్‌కు మీటింగులకొచ్చే ఊరి కార్యకర్తలు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు: "సార్క్ అంటే పెద్ద దొరల ముచ్చట గదా, దానితోని మనకేం పని?" అని. పని ఉన్నది. ఎందుకో చెప్తాం.

1985 జూలై 17న కారంచేడులో మాదిగలను తరిమి తరిమి చంపారు. ఆరుగురు పోయారు. అయిదు నెలలు నిండకముందే, డిసెంబర్ 8న, ఢాకాలో ఏడు దేశాల అధినేతలు కూచుని సార్క్‌ను పుట్టించారు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక, భూటాన్, మాల్దీవులు. 2007లో అఫ్ఘానిస్తాన్ చేరింది. ఆఫీసు కాఠ్మండూలో. దక్షిణాసియా ప్రజల సంక్షేమం, బతుకుల మెరుగుదల తమ లక్ష్యమని చార్టర్‌లో రాసుకున్నారు. కులం అన్న మాట మాత్రం అందులో రాలేదు.

మరచిపోయారా? మరచిపోవడానికి కులం ఏమన్నా చిన్న వస్తువా! ఆ చార్టర్ పదో అధికరణంలో ఉన్నవి రెండే ముక్కలు. ప్రతి నిర్ణయం ఏకగ్రీవంగా జరగాలి. రెండు దేశాల తగాదాలు, వివాదాస్పద విషయాలు చర్చకు రాకూడదు. కాశ్మీరు పేరెత్తకుండా వేసుకున్న గొళ్ళెం ఇది అనుకుంటారు అందరూ. కానీ గొళ్ళెం పడ్డాక తలుపు మనకూ మూసుకున్నది. ఊరి పెద్దమనుషుల పంచాయితీలో "వాడ సంగతి తర్వాత చూద్దాం" అంటారే, అట్లాగే. 2001లో డర్బన్‌లో జాతివివక్ష మీద ప్రపంచ సభ జరిగినప్పుడు మన దళితులు అంత దూరం పోయి కులం మాటెత్తితే, అది మా ఇంటి విషయం, ఇక్కడ మాట్లాడొద్దన్నది మన సర్కారే. బయట అంత గట్టిగా కాదన్నోళ్ళు సార్క్‌లో ఎందుకు ఒప్పుకుంటారు?

ఇంటి విషయమైతే ఒక్క ఇంట్లోనే ఉండాలి గదా. నేపాల్ 2011లో అంటరానితనాన్ని శిక్షించే చట్టం చేసుకున్నది, అంటే అక్కడా ఉన్నట్టే. పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి జోగేంద్రనాథ్ మండల్ మనవాడే. 1946లో బాబాసాహెబ్ బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు గెలవడానికి తోడు నిలిచినవాడు. 1950లో ఆ పదవికి రాజీనామా చేసి ఇటు వచ్చేశాడు. అక్కడి దళితుల మీద జరిగినవి రాజీనామా లేఖలో రాసిపెట్టాడు.

ఇక ఢాకా సంగతి. సార్క్ పుట్టిన ఆ ఊళ్ళోనే మన తెలుగోళ్ళున్నారు. తెల్లదొరల కాలంలో మన తెలుగు నేల నుంచి పాకీపనికి తోలుకుపోయిన కుటుంబాల పిల్లల పిల్లలు. తరాలు మారినా ఇంట్లో తెలుగు మాట పోలేదు, చేతిలో చీపురూ పోలేదు. ధల్‌పూర్‌లో వాళ్ళ కాలనీని ఖాళీ చేయమని 2023 ఫిబ్రవరిలో నగర కార్పొరేషన్ మీదికొచ్చింది. ఊరు ఊడ్చేవాళ్ళకు ఊళ్ళో జాగా లేదన్నమాట. ఏ సార్క్ బల్ల మీద పెట్టాలి ఈ గోడు?

సార్క్ సచ్చిపోయింది, ఇప్పుడెందుకు అనేటోళ్ళూ ఉన్నారు. నిజమే, 2014 కాఠ్మండూ శిఖరాగ్ర సభే ఆఖరిది. 2016లో ఉరీ దాడి తర్వాత భారత్ రానన్నది, ఇస్లామాబాద్ సభ ఆగిపోయింది. ఢిల్లీ చూపు బిమ్స్‌టెక్ వైపు మళ్ళింది. కానీ పెద్దలు అలిగితే ఆగిపోయేది వాళ్ళ సభ. మన పని ఎందుకు ఆగాలి?

సార్క్ చేసినవాటిలో మా కంటికి ఆనినది ఒకటున్నది. 1992లో వచ్చిన వీసా మినహాయింపు. 24 రకాల మనుషులు వీసా లేకుండా ఈ దేశాల మధ్య తిరగొచ్చన్నారు. మంత్రులు, పై కోర్టుల జడ్జీలు, ఎంపీలు, పెద్ద అధికారులు, వ్యాపారులు, పత్రికలవాళ్ళు, ఆటగాళ్ళు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తానీయులకు భారత్ దాన్ని రద్దు చేసింది, అది వేరే కథ. ఊడ్చేవాళ్ళు ఆ జాబితాలో మొదటి నుంచీ లేరు.

ఢాకా తెలుగు అక్క ఒకామె అంబేద్కర్ భవన్‌కు వచ్చి తన గోస మన తెలుగులో చెప్పుకోవాలంటే వీసా ఆఫీసు ముందు మామూలు లైన్లోనే నిలబడాలి. ఇరవై అయిదో వరుసలో సఫాయి కార్మికులను చేర్చమని కాఠ్మండూకు అర్జీ పెడుతున్నాం. కాగితాలు వచ్చే నెల ఊళ్ళకు పంపుతాం. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయండి, పక్కన మీ వాడ పేరు తప్పకుండా రాయించండి.