ఫార్మాటు కొట్టించుటకు ముందు

2022వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వమువారు 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరింప నిశ్చయించిరి. సంఘముల లెక్కలను చూచుటకు మనుష్యులు గలరు. సభ్యుల యిండ్లలోని కంప్యూటర్లను చూచువా రెవరు? పిల్లల చదువునకై కొన్న యంత్రములోనే అడంగలు ప్రతులు, అప్పు చెల్లించిన రసీదులు, పంట బీమా కాగితములు చేరుచున్నవి. అది చెడినచో పోవునది యంత్రము వెల యొక్కటే కాదు.

నిరుడు వేసవిలో మా యింట జరిగినది మనవి చేసెదము. కంప్యూటరు అప్‌డేటు చేసికొనుచుండగా కరెంటు పోయినది. యంత్రము మరల లేవలేదు. బాగుచేయువారి కడకు కొనిపోగా మఱునాటి సాయంకాలమునకు చక్కగా నడుచు యంత్రమును చేతికిచ్చిరి. ఇంటికి వచ్చి చూడగా ఆఱేండ్ల కాగితములు, కాలము చేసిన మా తల్లిగారి ఫొటోలు, ఏవియు లేవు. "ఫార్మాటు కొట్టితిమి, వేఱు దారి లేదు" అనిరి. దారి యున్నదని మాకు పిమ్మట తెలిసినది. తప్పంతయు వారిదే యనము. లోపలివి కావలెనని ముందుగా చెప్పని తప్పు మాది.

చెఱువు నీటిని ఏ మడికి ఎప్పుడు వదలవలెనో నీరుగంటి చూచునట్లు, డిస్కును, తెరను, ప్రింటరును పనులకు పంచి నడుపునది ఆపరేటింగు సిస్టము. నీరుగంటి జబ్బుపడినంత మాత్రమున చెఱువెండిపోదు గదా. సిస్టము చెడినను డిస్కులోని కాగితములు తఱచుగా భద్రముగానే యుండును. విండోస్ 10, 11 లలో యంత్రము రెండు మూడు సార్లు సరిగా లేవకున్నచో మరమ్మతు తెర తనంతట వచ్చును. అందు మొదట "స్టార్టప్ రిపేర్" చూడవలెను. కానిచో క్రొత్త అప్‌డేటును తీసివేయవచ్చును. వెనుకటి స్థితికి మరలించు "సిస్టమ్ రీస్టోర్" కూడ గలదు. ఇవియు పనిచేయనిచో పెన్‌డ్రైవు నుండి లినక్సును నడిపి, లోపలి కాగితములను వేఱొక డిస్కునకు ఎత్తుకొనవచ్చును. డిస్కునకు బిట్‌లాకర్ తాళమున్నచో దాని 48 అంకెల సంఖ్య చేత నుండవలెను. ఆ సంఖ్యను నేడే కాగితముపై వ్రాసి పట్టాదారు పాసుపుస్తకముతో పెట్టెలో నుంచుడు. ఫార్మాటు అన్నిటికిని కడపటిది.

అప్‌డేటు వలననే చెడినది గనుక అవి వలదని కొందఱు మిత్రులు మాతో వాదించిరి. మేమొప్పుకొనము. 2017 మే 12 న వన్నాక్రై అను పురుగు లోకమంతట ఫైళ్లకు తాళము వేసి పైకమడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నియు దానికి చిక్కినవి. అది చొచ్చిన కంతను పూడ్చు అప్‌డేటును మైక్రోసాఫ్టువారు మార్చి 14 ననే యిచ్చియుండిరి! అప్‌డేటు ఎన్నడును తప్పదనుట లేదు. 2024 జూలై 19 న క్రౌడ్‌స్ట్రైక్ వారి లోపపు అప్‌డేటుచే దాదాపు 85 లక్షల విండోస్ యంత్రములు నిలిచిపోయినవి. అయినను పెక్కింటిని సేఫ్ మోడులో లేపి, ఆ చెడు ఫైలును తీసివేసి నడిపించిరి; ఫార్మాటు కొట్టలేదు. గాలివాన పూట కమలాపురములో కరెంటు సంగతి చెప్పనక్కఱలేదు. బ్యాటరీగాని యూపీఎస్ గాని లేక అప్‌డేటునకు పూనుకొనరాదు.

విండోస్ 10 నకు సాధారణపు అప్‌డేటులు 2025 అక్టోబరు 14 తో ముగిసినవి. పాత యంత్రములు పెక్కు విండోస్ 11 నకు సరిపడవు. వానిని పాఱవేయక లినక్సు వేసికొనవచ్చును. వెల లేదు, తెలుగు గలదు.

ఎరువులను కలసి కొన్నట్లే నకలు డిస్కులనుకూడ సంఘము ద్వారా కలసి కొన్నచో ధర తగ్గును. లినక్సు పెన్‌డ్రైవు నొకదానిని సంఘమే కొని, మందుకొట్టు యంత్రమువలె సభ్యులకు ఎరువియ్యవచ్చును. నకలు డిస్కు మాత్రము ఎవరిది వారికే యుండవలెను. ఇంటి కాగితములు పదుగురు చూచునవి కావు. శనగ విత్తునప్పుడొకసారి, కల్లము ముగిసినప్పుడొకసారి నకలు తీసికొనినను చాలును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును మేము ప్రవేశపెట్టెదము. డిస్కు కావలసినవారు అంతకు ముందే తమ పేరులను కార్యదర్శిగారికి ఇయ్యగోరెదము.